గిబియోనీయుల పాత చెప్పులు

మూలవాక్యము: యెహోషువ 9:3-16



యెహోషువ గ్రంథము తొమ్మిదవ అధ్యాయము మనలో చాలమంది ఆదివారపు బడిలోనే విన్నారు. యెరికో, హాయి పట్టణములకు జరిగినది విని గిబియోను నివాసులు భయపడిరి. యుద్ధముచేసి గెలువలేమని తెలిసి ఒక ఉపాయము పన్నిరి. పాత గోనెలు గాడిదలమీద వేసికొనిరి. చినిగి కుట్టుపడిన ద్రాక్షారసపు సిద్దెలు తీసికొనిరి. అతుకులు వేసిన చెప్పులు తొడిగిరి. ఎండి బూజు పట్టిన రొట్టెలు మూట గట్టుకొనిరి. గిల్గాలులోని పాళెమునకు వచ్చి, మేము బహుదూర దేశమునుండి వచ్చితిమి, మాతో నిబంధన చేయుడి అని అడిగిరి.

ఇశ్రాయేలు పెద్దలు బుద్ధిహీనులు కారు. వారికి అనుమానము రాకపోలేదు. మీరు మా మధ్యనే నివసించు వారేమో అని ఏడవ వచనములోనే అడిగిరి. అయినను మోసపోయిరి. ఎందుకు? వారు పరీక్షింపలేదని మనము తొందరపడి చెప్పరాదు. పరీక్షించిరి. ఆ రొట్టెను చేతపట్టి చూచిరి. అది నిజముగానే బూజు పట్టియుండెను. చెప్పులు నిజముగానే అరిగియుండెను. పొరపాటెక్కడనగా, వంచకుడు తెచ్చిన ఋజువునే వారు పరీక్షించిరి. వంచకుని సంచిలో లేని మరియొక ఋజువును వెదకలేదు. దేవుని యొద్ద విచారణ చేయలేదని పదునాలుగవ వచనము స్పష్టముగా చెప్పుచున్నది. మూడు దినములైన తరువాత, వీరు పొరుగువారేనని తెలిసినది. మూడే దినములు! ప్రమాణము చేయుటకు ముందు ఆ మూడు దినములు ఆగియుండినయెడల, ఎవరును చెప్పకుండనే సంగతి బయటపడియుండెడిది.

ఈ మాసము ఈ వాక్యభాగమును ఎందుకు తీసికొంటిననగా, నేడు మన సంఘములలో పెద్దలు, విధవరాండ్రు, చదువుకొన్న యౌవనస్థులు కూడ ఫోను ద్వారా డబ్బు పోగొట్టుకొనుచున్నారు. ఆదివారము కానుక పళ్లెములో వేయు పది రూపాయలకు లెక్క చూచుకొనువారు ఒక్క గంటలో పదవీ విరమణ సొమ్మంతయు పోగొట్టుకొని, సిగ్గుచేత ఎవరికిని చెప్పక, గుడికి కూడ రాక ఇంట కూర్చుండుచున్నారు. ఇది లోకసంబంధమైన విషయము, ప్రసంగ పీఠమున దీనితో పనియేమి అని కొందరు అనవచ్చును. తూనికరాళ్లను గూర్చియు, కొలతలను గూర్చియు, పొరుగువాని ఎద్దును గూర్చియు మాటలాడిన ధర్మశాస్త్రము మనది. సంఘస్థుల బ్యాంకు పుస్తకమును గూర్చి మాటలాడుటకు మనము వెనుకాడనేల?

నేటి గిబియోనీయులు తెచ్చు రొట్టెలెట్టివో చూడుడి. బ్యాంకు గుర్తుతో ఒక సందేశము వచ్చును. మీ కె.వై.సి. గడువు ముగిసినది, నేటి రాత్రికి ఖాతా నిలిచిపోవును అని అందులో ఉండును. కరెంటు బిల్లు కట్టలేదు, రాత్రి తొమ్మిదిన్నరకు సరఫరా ఆపుదుము అని మరియొకటి. ఉద్యోగి గుర్తింపు కార్డు ఫొటో పంపుదురు. మీ పేరు, మీ ఆధార్ సంఖ్యలో కొన్ని అంకెలు కూడ చెప్పుదురు. ఇన్ని తెలిసినవాడు అబద్ధికుడెట్లగును అని మనమనుకొందుము. ఆ కార్డు నిజమా అని దానినే త్రిప్పి త్రిప్పి చూచుచుందుము. అదే రొట్టె చేతపట్టి చూచుట. చేయవలసిన పని వేరు. ఫోను పెట్టివేసి, మన పాసు పుస్తకము మీదనో డెబిట్ కార్డు వెనుకనో అచ్చువేసిన నంబరుకు మనమే ఫోను చేయవలెను, లేదా నడిచి బ్రాంచికి పోవలెను. బ్యాంకుల వెబ్ చిరునామాలు డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అను ముగింపుతో ఉండవలెనని రిజర్వు బ్యాంకు ఆదేశించి, 2025 అక్టోబరు 31 వరకు గడువిచ్చెను. కాబట్టి బ్యాంకు పేరు ముందుండి చివర మరేదో ఉన్న చిరునామా కనబడినయెడల అక్కడ అడుగు పెట్టవద్దు.

ఫోను ద్వారా డబ్బు పంపు యు.పి.ఐ. పద్ధతి 2016లో వచ్చినది. అది వచ్చి ఇన్ని సంవత్సరములైనను ఒక్క సంగతి మనవారిలో చాలమందికి తెలియదు. డబ్బు పుచ్చుకొనుటకు పిన్ అక్కరలేదు. పాత సోఫా అమ్మజూపినపుడు, కొనెదనని చెప్పినవాడు క్యు.ఆర్. చిత్రమొకటి పంపి, దీనిని స్కాన్ చేసి పిన్ కొట్టుడి, మీకు డబ్బు వచ్చును అనును. పిన్ కొట్టినవారి ఖాతానుండియే డబ్బు పోవును. ఒక వ్యక్తి మరియొక వ్యక్తిని డబ్బు కోరుచు పంపు కలెక్ట్ అభ్యర్థనలను 2025 అక్టోబరు 1 నుండి నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ నిలిపివేసినది గాని, క్యు.ఆర్. వంచన ఇంకను పోలేదు.

పొరుగు రాష్ట్రములలో స్థిరపడిన తెలుగువారమైన మనకు ప్రత్యేకమైన బలహీనత ఒకటి గలదు. షోలాపూరులోనో, బెంగళూరులోనో, బరంపురములోనో మూడు తరములుగా ఉన్నాము. బజారులో మరాఠీ, ఆఫీసులో కన్నడము లేక ఒడియా, ఇంట తెలుగు. అట్టి మనకు ఫోనులో అకస్మాత్తుగా చక్కని తెలుగు వినబడినయెడల ప్రాణము లేచి వచ్చినట్లుండును. మీది ఏ ఊరండీ, మా అమ్మమ్మగారిది ఒంగోలేనండీ అని ఒక్క మాట చాలు, సగము తలుపు తెరచినట్లే. ఇంకొకడు ప్రైజ్ ద లార్డ్ అమ్మగారూ అని మొదలుపెట్టును. గిబియోనీయులు ఏమని చెప్పిరి? మీ దేవుడైన యెహోవా కీర్తి విని వచ్చితిమని చెప్పిరి. వారి సంచిలోని అన్ని వస్తువులకంటె ఎక్కువ పని చేసిన వస్తువు ఆ నామమే. చీటీలు కట్టి, మనవాడే గదా అని నమ్మి మునిగిన కాలము మనలో పెద్దలకు జ్ఞాపకముండును. ఇది దానికి మనుమడు.

సంఘ కాపరి ఫొటో పెట్టుకొని, క్రొత్త నంబరునుండి వాట్సాప్‌లో సందేశమొకటి వచ్చును: తల్లీ, నేను ప్రార్థన కూటములో ఉన్నాను, మాటలాడలేను, ఒక బిడ్డ ఆసుపత్రిలో ఉన్నది, పదివేలు పంపుము, సాయంకాలము ఇచ్చెదను. దాతృత్వమునకు అలవాటుపడిన చేతులు వెంటనే పంపును. పాత నంబరుకు ఫోనుచేసి అయ్యగారి గొంతు వినుటకు ఒక్క నిమిషము చాలును గదా. అట్లు అడిగినందుకు నిజమైన కాపరి ఎన్నడును నొచ్చుకొనడు. కాపరులైన నా సహోదరులకు నేను చెప్పునదేమనగా, నేను ఎన్నడును సందేశము ద్వారా డబ్బు అడుగనని సంఘము ఎదుట ఒకమారు ప్రకటించుడి. ప్రకటనల సమయములో అర నిమిషము పట్టును.

గొంతు విన్నను చాలని దినములు కూడ వచ్చినవి. మన పిల్లల గొంతు కొద్దిసేపు రికార్డు చేసిన మట్టుకే, కంప్యూటరు ద్వారా ఆ గొంతును అనుకరించి, అమ్మా నాకు యాక్సిడెంట్ అయినది అని పలికింపగలరు. ఇస్సాకు కథ దీనికి తిరుగబడిన కథ. అతనికి కన్నులు మసకబారియుండెను. స్వరము యాకోబుదని చెవి చెప్పెను, చేతులు ఏశావువని వేళ్లు చెప్పెను. చెవి చెప్పిన నిజమును విడిచి, మేకపిల్లల చర్మము చెప్పిన అబద్ధమును నమ్మెను. మన విషయములో చర్మమునకు మారుగా స్వరమే అరువు తెచ్చినది. కాబట్టి గొంతును నమ్మవద్దు. ఇంటివారికి మాత్రమే తెలిసిన ఒక ప్రశ్న ముందే అనుకొని ఉంచుకొనుడి. చిన్నప్పుడు పెంచిన కుక్క పేరేమి, నాయనమ్మ నిన్ను ఏమని పిలిచేది, అట్టివి. పరదేశమున చదువుకొను పిల్లలున్నవారు ఈ రాత్రియే ఆ మాట అనుకొనుడి.

ఇప్పుడు నెహెమ్యా ఆరవ అధ్యాయము తెరచుడి. డిజిటల్ అరెస్టు అను పేరుతో నేడు జరుగుచున్న దుర్మార్గము అందులో ముందే వ్రాయబడినట్లుండును. మొదట సన్బల్లటు, గెషెము కలిసి, ఓనో మైదానములో కలిసికొందము రమ్మని నాలుగుమారులు పిలిచిరి. అతడు నాలుగుమారులు ఒకటే జవాబు పంపెను. పని విడిచి రాను. అయిదవ మారు విప్పియున్న ఉత్తరము వచ్చెను. నీవు తిరుగుబాటు చేయుచున్నావని వదంతి గలదు, ఇది రాజునకు తెలియును, రమ్ము మాటలాడుకొందము అని దానిలో ఉండెను. నేరము మోపుట, పై అధికారి పేరు చెప్పి బెదరించుట, సర్దుబాటు చేసెదమని పిలుచుట, మూడును ఒక్క ఉత్తరములోనే. అది ఫలింపకపోగా షెమయా యను వాడు, నిన్ను చంపుటకు రాత్రివేళ వచ్చెదరు, ఆలయములో దాగి తలుపులు మూసికొందము అనెను. తలుపులు మూసికొనుమని చెప్పినవాడు కూలికి వచ్చినవాడని నెహెమ్యా కనిపెట్టెను.

నేటి షెమయా వీడియో కాల్‌లో కనబడును. పోలీసు యూనిఫారము, వెనుక గోడమీద జెండా, ప్రక్కన న్యాయస్థానమువలె అమర్చిన గది. మీ పేర వచ్చిన పార్సెలులో మత్తుమందులు దొరికినవి, మీ ఆధార్‌తో తీసికొన్న సిమ్ నేరములో వాడబడినది అనును. గది తలుపు వేసికొనుమనును. భర్తకు చెప్పవద్దు, పిల్లలకు చెప్పవద్దు, కెమెరా ఎదుటనుండి కదలవద్దు అనును. చివరకు, విచారణ ముగియువరకు మీ సొమ్ము ప్రభుత్వ ఖాతాలో ఉంచవలెను, పరిశీలించి తిరిగి ఇచ్చెదము అనును. గంటలతరబడి, కొన్ని యెడల దినములతరబడి ఈ చెర సాగును.

మన దేశ చట్టములో డిజిటల్ అరెస్టు అనునది లేదు. 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి రేడియోలో మన్ కీ బాత్ కార్యక్రమమందు ఈ మాటనే దేశమునకు చెప్పెను. హర్యానాలోని అంబాలాకు చెందిన వృద్ధ దంపతులను సుప్రీంకోర్టు పేర సృష్టించిన దొంగ ఉత్తర్వులు చూపి దోచిరి. వారి ఫిర్యాదుపై 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు తనంతట తానే విచారణ చేపట్టెను. డిసెంబరు 1న ఇట్టి కేసుల దర్యాప్తును సి.బి.ఐ.కి అప్పగించెను. దోచబడినవారిలో చదువుకొన్న పెద్దలున్నారు గనుక, మాకు తెలియదా అని ఎవరును అతిశయింపవద్దు. భయము కలిగినపుడు చదువు పని చేయదు. ఎవరికిని చెప్పవద్దు అను మాట వినబడిన క్షణముననే ఫోను కట్టివేసి, ఆ మాటను గట్టిగా పదిమందికి చెప్పవలెను. వంటింట్లో ఉన్న కోడలికి చెప్పినను మేలే. నెహెమ్యా చేసినదియు అంతే. తలుపు మూయలేదు.

కొనుగోలు సంగతికి వచ్చినయెడల, అబ్రాహాము మక్పేలా గుహ కొన్న విధము చూడుడి. దుఃఖములో ఉన్న మనుష్యుడు, ఎదుటివాడు ఉచితముగా తీసికొమ్మనుచున్నాడు. అయినను ఊరి గవినియొద్ద హేతు కుమారులందరు వినుచుండగా నాలుగువందల తులముల వెండి తూచి ఇచ్చెను. పొలము, గుహ, సరిహద్దులోని చెట్లు సహా లెక్కలో వ్రాయబడినవి. వెల స్పష్టము, వస్తువు స్పష్టము, సాక్షులు స్పష్టము. ఫేస్‌బుక్కులోనో ఇన్‌స్టాగ్రాములోనో ఎనిమిది వేల పట్టుచీర ఎనిమిదివందలకు కనబడినపుడు ఈ మూడు ప్రశ్నలు అడుగుడి. అమ్మువాడెవడు? అతని చిరునామా ఏది? వస్తువు రానియెడల ఎవరిని అడుగవలెను? 2020లో వచ్చిన ఇ-కామర్స్ నియమముల ప్రకారము అట్టి వ్యాపారులు తమ పేరు, చిరునామా, ఫిర్యాదులు వినువాని వివరము కనబరచవలెను. ఫిర్యాదు అందినదని నలుబదియెనిమిది గంటలలో తెలుపవలెను. ఇవి లేని దుకాణము గవిని బయట జరుగు బేరము. పెద్ద కంపెనీ యాప్‌లో కొన్నను, అమ్మువాడు వాట్సాప్‌కు రమ్ము, నేరుగా పంపిన తగ్గింతును అనినయెడల పోవద్దు. ఆ యాప్ బయట చెల్లించిన డబ్బుకు ఆ కంపెనీ పూచీ వహింపదు.

వస్తువు తిరిగి పంపవలసినపుడు మరియొక గుంట గలదు. కస్టమర్ కేర్ నంబరు గూగుల్‌లో వెదకుదురు. అక్కడ వంచకులే తమ నంబరు పెట్టియుందురు. డబ్బు వాపసు చేయుటకు ఈ యాప్ దింపుకొనుడి అని చెప్పి, మన ఫోను తెరను వారు చూచునట్లు చేసికొందురు. ఇక ఓ.టి.పి. మనము చెప్పనక్కరలేదు, వారే చదువుకొందురు. వాట్సాప్‌లో పెండ్లి పత్రిక అనియు, ట్రాఫిక్ చలానా అనియు వచ్చు ఫైలు పేరు చివర ఎ.పి.కె. అని ఉన్నయెడల ముట్టవద్దు. పెండ్లి పత్రిక చదువుటకు యాప్ ఎందుకు? సరకు విషయములో వివాదమునకు వినియోగదారుల సహాయ నంబరు 1915.

పింఛనుదారులకు ఒక మాట. నవంబరు వచ్చినదనగా జీవన ప్రమాణ పత్రము పేర ఫోనులు మొదలగును. పింఛను కార్యాలయము ఫోనుచేసి మీ పత్రము మేమే నింపెదము, ఓ.టి.పి. చెప్పుడి అని అడుగదు. కోలారు గనులు 2001లో మూతపడినప్పటినుండి కొంచెము కొంచెముగా దాచుకొన్న వారును, రైల్వేలో ముప్పది యేండ్లు చాకిరీ చేసినవారును మన సంఘములలో నున్నారు. అట్టివారు సొమ్మంతయు ఫోనుకు కట్టిన ఖాతాలో ఉంచవద్దు. నెల ఖర్చుకు కావలసినంత ఒక ఖాతాలో ఉంచి, దానికే యు.పి.ఐ. కట్టుకొనుడి. మిగిలిన ఖాతాకు ఇంటర్నెట్ బ్యాంకింగ్ వద్దని బ్రాంచిలో వ్రాసి ఇయ్యవచ్చును. రోజు పరిమితి తగ్గించుకొనవచ్చును. ఎడ్లబండికి ఇరుసు ఎంతో దీనికి ఆ పరిమితి అంత.

ఇన్ని చెప్పినను కొందరు మోసపోవుదురు. అప్పుడేమి చేయవలెను? వెంటనే 1930 నంబరుకు ఫోను చేయవలెను. 2021లో ఏర్పరచిన ఈ ఏర్పాటు ద్వారా, డబ్బు ఒక ఖాతానుండి మరియొక ఖాతాకు దాటిపోకముందే అక్కడ ఆపుటకు ప్రయత్నింతురు. గంట ఆలస్యమైనయెడల అది నాలుగు ఖాతాలు దాటిపోవును. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అను చోట ఫిర్యాదు వ్రాయవలెను. బ్యాంకుకు కూడ తెలిపి ఫిర్యాదు సంఖ్య తీసికొనవలెను. మన తప్పు గాని బ్యాంకు తప్పు గాని లేక మూడవవారి వలన డబ్బు పోయినపుడు, మూడు పనిదినములలో తెలిపినవారికి నష్టము ఉండరాదని రిజర్వు బ్యాంకు 2017 జూలైలో ఉత్తర్వు చేసెను. పిన్ మనమే చెప్పినయెడల, తెలిపిన గడియవరకు పోయినది మనదే, తెలిపిన తరువాత పోయినది బ్యాంకుది అని కూడ అందులో ఉండెను. నేటి నియమములు బ్రాంచిలో అడిగి తెలిసికొనుడి. ఎట్లయినను ఆలస్యమే ప్రతివానికి శత్రువు.

ఆ ఆలస్యమునకు కారణము చాలమట్టుకు సిగ్గు. ఇక్కడ సంఘము తన్నుతాను పరీక్షించుకొనవలెను. ఒక తల్లి డబ్బు పోగొట్టుకొన్నదని తెలిసినపుడు మనము ఆమె ఇంటికి పోయి మొదట అన్నమాటయేమి? అంత అత్యాశ ఎందుకమ్మా అంటిమా? యోబు స్నేహితులు మొదటి ఏడు దినములు మౌనముగా కూర్చుండిరి. అంతవరకు బాగుగానే ఉండిరి. నోరు తెరచిన తరువాతనే చెడగొట్టిరి. ఆమెతోకూడ పోలీసు స్టేషనుకు పోవుటకు, భాష రానిచోట కన్నడములోనో తమిళములోనో అర్జీ వ్రాసి పెట్టుటకు ఒకరు కావలెను. స్త్రీల సమాజమువారు ఇద్దరిని, యౌవనుల సంఘమువారు ఇద్దరిని దీనికి ఏర్పరచినయెడల మంచిది.

యౌవనస్థులతో వేరుగా మాటలాడవలెను. మోసపోవుట ఒకటి, మోసమునకు ఖాతా ఇచ్చుట మరియొకటి. నీ బ్యాంకు ఖాతా, ఏ.టి.యం. కార్డు, సిమ్ మాకు ఇయ్యుము, నెలకు అయిదువేలు ఇచ్చెదము, నీవేమియు చేయనక్కరలేదు అని కాలేజీ పిల్లలను అడుగువారున్నారు. దోచిన సొమ్ము మొదట వచ్చి పడునది అట్టి ఖాతాలలోనే. పోలీసులు మొదట వచ్చునదియు ఆ ఇంటికే. నాకు తెలియదు అనుట నీకు అక్కడ ఆశ్రయము కాదు. ఆ అయిదువేలలో దశమభాగము తెచ్చి కానుక పెట్టెలో వేసినను అది శుద్ధికాదు. ఎక్కడనో ఒక విధవరాలి ఫిక్స్‌డ్ డిపాజిట్ అది.

మరియు ఆ ఫోను అవతలి ప్రక్క ఎవరున్నారో కూడ ఎరిగియుండుడి. 2024 మే నెలలో విశాఖపట్నము పోలీసులు కొందరు ఏజెంట్లను పట్టుకొనిరి. కంప్యూటరు ఉద్యోగమని చెప్పి ఆంధ్ర యౌవనస్థులను కంబోడియాకు పంపి, అక్కడ వారిచేత బలవంతముగా ఇట్టి మోసపు ఫోనులు చేయించుచుండిరని తేలెను. పాస్‌పోర్టు లాగికొని, లక్ష్యము చేరనివారికి తిండి తగ్గించి శిక్షించిరని తిరిగి వచ్చినవారు చెప్పిరి. కాబట్టి చక్కని తెలుగులో మనలను మోసగించు ఆ స్వరము, ఒకవేళ ఎవరో తల్లి కన్నీళ్లతో ప్రార్థించుచున్న కుమారునిదై ఉండవచ్చును. అతనికి మన డబ్బు ఇయ్యవద్దు. అతనికొరకు ప్రార్థించుట మానవద్దు. మన పిల్లలకు థాయిలాండులోనో కంబోడియాలోనో డేటా ఎంట్రీ పని, పరీక్ష లేదు, ఖర్చులు మావే అని ఎవరైన చెప్పినయెడల, ఆ ఏజెంటు విదేశాంగశాఖ వద్ద నమోదైనవాడా కాడా అని ఇ-మైగ్రేట్ పోర్టల్‌లో చూచుటకు ముందు ఒక్క కాగితముమీద సంతకము పెట్టనీయవద్దు.

వచ్చే ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత అరగంట సేపు మన గుళ్లలో బల్లలు వేయుడి. యౌవనస్థులు పెద్దల ప్రక్కన కూర్చుండి, ఫోనులోని అక్కరలేని యాపులు తీసివేసి, రోజు పరిమితి తగ్గించి, 1930 నంబరును పెద్ద అక్షరములతో కాగితముమీద వ్రాసి ఇయ్యుడి. పిన్ మాత్రము మనుమనికైనను చెప్పవద్దని తాతగారికి చెప్పుట మరువవద్దు. ఆ కాగితము గోడమీద, క్యాలెండరు ప్రక్కన అంటించుడి. ఫోనులో దాచిన నంబరు, ఫోనే చేజిక్కిన దినమున దొరకదు.